ముల్లు దూకిన చోట అక్క పాట

ఇందులో ప్రతి మాటా నిజం. మా ఇంటి పెద్ద బైబిలు మీద కుడిచెయ్యి, నా నెత్తి మీద ఎడమచెయ్యి పెట్టుకుని చెబుతున్నాను. అబద్ధమైతే మదనపల్లె మండీలో నేను తూకం వేయించే టమోటా పెట్టెలన్నీ ఒక్క పూటలో కుళ్లి నీరైపోవాలి. నన్ను ఎరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. హార్సిలీ కొండ మలుపులో చిరుతపులి నన్ను బీడీ అడిగిందని చెప్పిన నోరు ఇదే, కాదనను. అయితే ఈసారి నవ్వించడానికి కూర్చోలేదు.

మా అక్కకు గొంతు లేదు. క్యాన్సరు పుండు పెద్దదై, పోయిన ఎండాకాలం వేలూరు ఆసుపత్రిలో స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు ఆమె మెడ కింది భాగంలో ఒక రంధ్రం ఉంది. గాలి పీల్చడం, వదలడం అంతా దాంట్లోంచే. పెదాలు కదుపుతుంది, శబ్దం రాదు. ఆ పెదాలను చదవగలిగేది ఆమె కోడలు ఒక్కతే. ఆ పిల్ల చదివింది చదివినట్టు చెప్పదు, తన వంతు కారం కలిపి చెబుతుంది.

జబ్బు మళ్లీ తలెత్తిందని డాక్టర్లు అన్నారు. సోమవారం వచ్చి చేరితే మందు ఎక్కిస్తామన్నారు. ప్రాణానికి ఆ మందు తప్పదని, దానివల్ల కొందరికి చెవులు బాగా తగ్గిపోతాయని, దాచకుండా ముందే చెప్పారు. అక్క అంతా విని తల ఊపింది. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, కోడలివైపు తిరిగి పెదాలు కదిపింది.

"అత్తకు పాట వినాలంట మామా," అంది కోడలు.

"ఏ పాటమ్మా? ఫోన్లో పెట్టు."

"ఫోన్లో దొరికే పాట గాదు. ఆమె పాట. సిన్నప్పుడు రికార్డులో పాడింది ఉండాది కదా, అది. చెవులు పోకముందే ఒగసారి వినాలంట. నీతో ఏ పనీ కాదని తెలుసంట, అయినా వేరే దిక్కు లేదంట."

ఆ చివరి వాక్యం అక్కదో కోడలిదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రికార్డు సంగతి చెప్పాలి. అక్క ఇంకా నర్సు కాకముందు, పదహారు పదిహేడేళ్లప్పుడు మా చర్చి క్వయరంతా కలిసి మద్రాసు పోయి ఒక చిన్న రికార్డు వేయించుకుని వచ్చింది. క్వయరులో పాడినవాళ్లందరికీ తలా ఒకటి. తక్కినవాళ్లవి ఎవరి అటక మీద ఎలా పోయాయో గానీ, మిగిలింది మాదొక్కటే. పాటంతా గుంపుగా పాడతారు. చివరి చరణానికి వచ్చేసరికి అందరూ ఆగిపోతారు, హార్మోనియం ఒక్కటే కొంచెం సేపు మోగుతుంది, ఆ తర్వాత ఒకే ఒక్క పాదం మా అక్క ఒంటరిగా పాడుతుంది. అంతే. మా అక్క మొత్తం పాట ఒక్కతే పాడిందని ఊరంతా చాటింది నేనే. నిజానికి ఒక్క పాదం. ఒక్క ఊపిరి అంత. ఈ భూమ్మీద మా అక్క గొంతు మిగిలి ఉన్నది ఆ ఊపిరి మేరకే.

గురువారం మధ్యాహ్నం రికార్డు ప్లేయరును అటక మీంచి దించి, అక్క ముందు బల్ల మీద పెట్టాను. రికార్డు తళతళా మెరుస్తోంది. ఇంత పాత రికార్డు ఇంత బాగుందే అని పొంగిపోయాను. ముల్లు దించాను. మొదటి చరణం తడబడింది, రెండో చరణం ఎగిరింది. చివరి చరణం వచ్చింది. గుంపు ఆగింది. హార్మోనియం మొదలైంది. అక్క కుర్చీలో ముందుకు వంగింది. ముల్లు టక్కున దూకి, ఆ పాదం దాటిపోయి, చివరి పల్లవిలో పడింది. గుంపంతా సంతోషంగా పాడుతోంది.

మళ్లీ పెట్టాను, మళ్లీ దూకింది. ఎన్నిసార్లు పెట్టినా మిగతా చోట్ల ఒకసారి తడబడి ఒకసారి సరిగా నడిచేది గానీ, సరిగ్గా ఆ పాదం దగ్గరకొచ్చేసరికి మాత్రం మరిచిపోకుండా దూకేది. 

బల్ల సమంగా లేదేమో అనుకున్నాను. మా ఇళ్లల్లో కడిగిన నీళ్లు బయటికి పారడానికి బండలు వాలుగానే పరుస్తారు కదా. పళ్లెంలో నీళ్లు పోసి బల్ల మీద పెట్టి, నీళ్లు ఒకవైపుకు చేరకుండా ఉండేదాకా బల్ల కాళ్ల కింద అట్టముక్కలు దోపాను. అయినా దూకింది. చిన్నప్పుడు పెళ్లిళ్లలో మైకుసెట్టువాళ్లు ముల్లు తల మీద రూపాయి బిళ్ల పెట్టేవాళ్లు, బరువుకు దూకదని. నేనూ పెట్టాను. ఇప్పుడు దూకడం మానేసి అక్కడే ఇరుక్కుంది. హార్మోనియం ఒకే ముక్క, మళ్లీ అదే ముక్క, మళ్లీ అదే. తలుపు తట్టి తట్టి లోపలికి రాని మనిషిలాగా. 

అక్క చెయ్యెత్తి ఆపమంది. లేచి వంటింట్లోకి పోయి, చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. నేను ముల్లు ఎత్తి చూశాను. దాని కొనకు నల్లటి జిగురు ముద్ద. గోటితో గీకాను. ఎందుకు గీకానో, నా చేతులు విరగ! ఆ తర్వాత ముల్లు మరీ వంకరపోయింది.

బెంగుళూరులో ఒక అంగడికి ఫోన్ చేస్తే, పెట్టెలో పంపండి, రెండు మూడు వారాల్లో చూసి చెబుతాం అన్నారు. సోమవారం అన్నాను. నవ్వి పెట్టేశారు. 

శుక్రవారం పొద్దున్నే ప్లేయరును టమోటా పెట్టెలో వరిగడ్డి వేసి సర్ది, రికార్డును అక్క పాత చీరలో చుట్టి, పుంగనూరు బస్సెక్కాను. 

"పెట్టెలో ఏమప్పా, టమోటాలా? లగేజీ టికెట్టు కొట్టాల," అన్నాడు కండక్టరు.

"మా అక్క గొంతు," అన్నాను.

ఆయన నన్నెరిగినవాడే. బస్సంతా వినేలా నవ్వి, "మీ అక్క గొంతుకు టికెట్టు లేదులే, కూసో," అన్నాడు. జీవితంలో మొదటిసారి నిజం చెప్పి నవ్వించాను. అది ఎంత చేదుగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. 

పుంగనూరులో మైకుసెట్టు నడిపి మానేసిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఇంటి ముందు పందిరి కింద కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆ ఊరి పొట్టి ఆవు, నా నడుము ఎత్తుకు మించదు. ఆయన ముల్లును భూతద్దంతో చూసి నాలుక చప్పరించాడు. 

"ఇది ముల్లు గాదప్పా, ఉలి. కొన యాడుండాది? అరిగిపొయ్యిండాది. దీంతో పాట వింటావా, గుండ్రాయి చెక్కతావా?"

"మీరు పెళ్లిళ్లలో రూపాయి బిళ్ల పెడతా ఉంటిరి కదా, అట్ల పెట్టి చూసినా."

"అది మా రికార్డులు గాబట్టి పెడతా ఉంటిమి. మాసానికి కొత్తవి కొంటాంటిమి. పోతే పోనీ అని. ఇంట్లో ఒగటే ఉండే రికార్డుకు యాల పెడతావు? ఎవురన్నా బిడ్డ నెత్తిన బండ పెడతారా?"

గురువారం ఎన్నిసార్లు ఆ బిళ్ల పెట్టి తిప్పానో గుర్తొచ్చింది. ఉన్న ఒక్క ఊపిరినీ నేనే గీరేశానా? 

ఆయన రికార్డును ఎండలో చూద్దామని చీర విప్పి అరుగు అంచున పెట్టి, లోపలికి కళ్లద్దాలు తెచ్చుకోవడానికి పోయాడు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. చర్రుమని ఒక చప్పుడు. తల ఎత్తేసరికి ఆవు మా అక్క పాటను నాకుతోంది. 

నేను వేసిన కేకకు వీధిలో ఇద్దరు ముగ్గురు బయటికి వచ్చారు. ఆవు మాత్రం కదల్లేదు, ఇంకోసారి నాకింది. రికార్డు లాక్కుని చొక్కాకు తుడవబోతే, పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు. 

"తుడవొద్దు. ఆగు. సూడు."

ఆవు నాలుక తగిలిన మేర రికార్డు మెరుపు పోయి, మసకగా, నల్లగా, గీతలు గీతలుగా కనిపిస్తోంది. తగలని మేరంతా తళతళా మెరుస్తోంది. ఆయన మెరిసే చోట వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. 

"టెంకాయ నూనె. ఇది రికార్డా, దోసె పెనమా? ఎవురప్పా నూనె పూసింది?"

ఎవరో నాకు తెలుసు. మా ఇంట్లో క్రిస్మస్సుకు ముందు అన్నిటికీ టెంకాయ నూనె రాస్తారు. హార్మోనియం చెక్కకు, కుట్టుమిషనుకు, తలుపు గొళ్లేలకు, పిల్లల తలలకు. మెరవాలని. అక్క ఏటా దూదితో ఆ రికార్డుకూ రాసేది. అంత ప్రేమ. ఆ నూనె మీద దుమ్ము, దుమ్ము మీద మళ్లీ నూనె. గీతలన్నీ పూడిపోయి, ముల్లు దాంట్లో నడవలేక జారుతోంది, జిగురు చేరి ఎగురుతోంది.

"నూనె తియ్యి, కొత్త ముల్లు ఎయ్యి. దానికి సరిపొయ్యే ముల్లు నా తాన లేదు. కుప్పంలో ఒగాయన తాన ఉండొచ్చు," అని పెద్దాయన చెప్పిన మనిషి ఎవరో వినగానే, ఇంకెవరి దగ్గరా లేదా అని అడిగాను. ఆయన నాకు పాత సావాసగాడు. రేడియో రిపేరు అంగడి పెట్టి మూసేశాడు. కుప్పం స్టేషను ముందు టీ అంగట్లో నా చిరుతపులి కత మొదట విన్నది ఆయనే. ఆ తర్వాత నేను చెప్పిన ప్రతి కతా విన్నాడు. నేను టైము చెబితే కూడా తన గడియారం చూసుకుంటాడు. 

పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన ఇంట్లో సొరుగు తెరిచి ఒక చిన్న డబ్బా తీశాడు. అందులో దూది మధ్య ఒకే ఒక ముల్లు. నా ప్లేయరు ముల్లుకు జోడే. 

"మిగిలింది ఇదొగటే," అన్నాడు. "నా ప్లేయరుకు పెట్టుకున్నా. ఇయ్యను. అయినా నీకెందుకప్పా?"

చెప్పాను. అక్క గొంతు తీసేసినది, సోమవారం మందు, చెవులు, ఒక్క పాదం, నూనె, ఆవు. ఆయన గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, సినిమా చూసినట్టు విన్నాడు. 

"బాగుండాదప్పా. ఇంతకుముందు నీ కతల్లో ఏడుపు ఉండేది గాదు. ఈ వయసులో కొత్త పని నేర్చుకున్నావు. ఆవు నాకడం దగ్గర కొంచిం ఎక్కువైంది, అది తీసెయ్."

"నిజమప్పా. ఒట్టు."

"చిరుతపులికి గూడా ఒట్టే పెట్టినావు. సుమ్మనే నన్ను ఏడిపించాల్నని సూడొద్దు."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అదీ నటన అంటాడని ఆపుకున్నాను. ఇన్నేళ్లుగా నేను చెప్పిన అబద్ధాలు ఎవరికీ నష్టం చేయలేదని ధైర్యంగా ఉండేవాణ్ని. అవన్నీ ఆ గదిలో నాకూ ఆ డబ్బాకూ మధ్య వరసగా నిలబడ్డాయి. 

"సరే," అన్నాడాయన. "మీ అక్కకు ఫోన్ చెయ్. ఆమె నోటితో చెప్పనీ, ఇస్తా."

"మాట్లాడలేదప్పా! అదే కదా ఇంతసేపూ చెప్తాండేది!"

"సూడు, ఎంత బాగా అల్లినావో. ముడి యాడా దొరకదు."

అయినా చేశాను. కోడలు ఎత్తుతుందని ఆశ. ఆ పిల్ల నీళ్లకు పోయినట్టుంది. ఎవరో ఎత్తారు. ఏ మాటా లేదు. ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. 

"అలో. ఎవురూ? అలో... ఏమప్పా, ఎవురూ మాట్లాడట్లే."

"విను," అన్నాను. 

ఆయన విన్నాడు. నాకూ సన్నగా వినిపిస్తోంది. మెడ రంధ్రంలోంచి గాలి వచ్చిపోయే చప్పుడు, తడి గుడ్డను నెమ్మదిగా లాగినట్టు. ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, కళ్లు నవ్వడం మానేశాయి. అప్పుడు ఫోన్ మీద వేలి కణుపుతో కొట్టిన చప్పుడు. టక్. 

"అక్కా, నువ్వేనా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఔనంటే ఒగసారి కొట్టు. కాదంటే రెండుసార్లు."

టక్. 

"ఈయప్ప నీ తమ్ముడేనా?"

టక్.

"ఈయప్ప అబద్ధాలకోరు కదా?"

ఆలోచించనైనా లేదు మా అక్క. టక్. 

"ఇప్పుడు నాకు చెప్పిండేది గూడా అబద్ధమేనా?"

కొంచెం సేపు గాలి చప్పుడే. టక్. ఇక ఆగిపోతుందేమోనని నా ప్రాణాలు లేచిపోయాయి. టక్. 

ఆయన ఫోన్ నా చేతికిచ్చి, డబ్బా నా చొక్కా జేబులో పెట్టి, జేబు మీద చేత్తో మెల్లగా అదిమాడు. వీధి మలుపు దాకా వెంట వచ్చాడు. 

శనివారం పొద్దున నేను సబ్బు నీళ్లు కలుపుతుంటే కోడలు బకెట్టు లాగేసింది. 

"సబ్బుకు నూనె జిగురు పోతుందా మామా? నూనె పెట్టిన తలకు ఏం పెట్టి రుద్దుతారు? ఆ మాత్రం తెలీదా?"

కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్లలో పిసికి, నురుగు తీసి, రెండుసార్లు పలచని గుడ్డలో వడగట్టింది. మధ్యలోని కాగితం తడవకుండా రెండు వైపులా గిన్నె మూతలు అదిమి పట్టుకోవడం నా పని. అక్క ముక్కాలిపీట మీద కూర్చుని, పాత సిల్కు గుడ్డతో, గీతల వెంబడే గుండ్రంగా, పసిబిడ్డకు తలంటినట్టు రుద్దింది. నురుగు నల్లగా దిగింది. అన్నేళ్ల క్రిస్మస్సులూ బకెట్లోకి దిగాయి. అక్క పెదాలు కదిపింది. 

"ప్రేమగా పూసినానే అంటాండాది," అంది కోడలు. ఈసారి కారం కలపలేదు.

నీడలో ఆరబెట్టి, కొత్త ముల్లు బిగించి, నీళ్ల పళ్లెంతో బల్లను మళ్లీ సరిచూసి, రికార్డు పెట్టాను. మొదటి చరణం నడిచింది. రెండో చరణం నడిచింది. గుంపు ఆగింది. హార్మోనియం. 

దూకింది. 

నూనె పోయాక కనిపించింది, అక్కడ అడ్డంగా ఒక గీత. ఎప్పటిదో. నా రూపాయి బిళ్లదేమో. నేను కింద బండ మీద కూర్చుండిపోయాను. కోడలు ఫోన్లో పట్టుకోవడానికి ఎత్తిన చెయ్యి దించేసింది. ఇంక నాకు చేయడానికి ఏమీ లేదు. చెప్పడానికి ఒక్క అబద్ధం కూడా లేదు. 

అక్క లేచింది. నన్ను పక్కకు జరగమంది. తనే ముల్లు ఎత్తి, చివరి చరణం మొదట దించింది. తర్వాత చూపుడువేలు ప్లేయరులో ముల్లును మోసే చేతికి లోపలివైపు ఆనించింది. తోయలేదు, నొక్కలేదు. ముల్లు నడిస్తే వేలు వెనక్కి జరుగుతుంది, దూకబోతే వేలు అడ్డం. మా ఊరి పసిపిల్లల చేతుల్లో నరం వెతికిన నర్సు వేలు అది. కళ్లు మూసుకుంది. కోడలు ఫోన్ మళ్లీ ఎత్తింది. హార్మోనియం మోగింది. వేలు వెంట్రుకవాసి అదిరి, నిలబడింది. 

అప్పుడు వచ్చింది మా అక్క గొంతు. కొత్త కుండలో నీళ్లు పోసినట్టు, మాట మాటా విడివిడిగా. కిటికీ అద్దం గణగణలాడింది. వీధిలో పోతున్న టమోటా లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఎవురమ్మా ఆ పాడేది?" అన్నాడు. కోడలు ఏడ్చింది. పాదం పూర్తయింది, గుంపు అందుకుంది, అక్క వేలు తీసింది. 

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఆవును అనుమానిస్తారని తెలుసు, కానీ ఆవు నిజం. ఫోన్ మీద కొట్టిన టక్కులూ నిజమే, కుప్పంలో సాక్షి ఉన్నాడు. నేను కల్పించింది పైన రాసిన ఆ గొంతును. 

లారీ ఏదీ ఆగలేదు. అద్దం మోగలేదు. వచ్చింది వేరుశనక్కాయలు వేయిస్తున్నట్టు చిటపట, దాని వెనక ఎక్కడో దూరాన ఒక ఆడపిల్ల గొంతు లాంటిది. మాటలు తెలియలేదు. కోడలు ఏడవలేదు, "అయిపోయిందా మామా?" అని అడిగింది. ఆమె ఫోన్లో పట్టిన ముక్క నా దగ్గర ఉంది. ఎవరికి వినిపించినా ఇందులో ఏముందంటారు. ఆ తర్వాత ఎంత వేలు అడ్డం పెట్టినా ముల్లు ఆ చోట నిలవలేదు. 

అక్క మాత్రం కళ్లు తెరవకుండా చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత నావైపు తిరిగి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, పెదాలు కదిపింది. మొదటిసారి కోడలు చెప్పకుండానే నాకు అర్థమైంది. 

"నేనే రా."

సోమవారం తెల్లవారి వేలూరు బస్సెక్కాం. మందు మొదలైంది. చెవుల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేకపోతున్నారు. నేను రోజూ ఆమె పక్కన కూర్చుని గట్టిగా కతలు చెబుతున్నాను. అన్నీ అబద్ధాలే. వినపడుతోందో లేదో తెలియదు. నవ్వుతోంది మాత్రం.